మాండొలిన్ ఎంపిక: తీగ, మెట్టు, గమకం

మాండొలిన్‌కు ఎనిమిది తీగలు. ఒకే స్వరానికి కట్టిన రెండేసి తీగలు పక్కపక్కన ఉండే నాలుగు జంటలవి. పాశ్చాత్య సంగీతంలో వయొలిన్‌కు కట్టే జి, డి, ఎ, ఇ శ్రుతులనే దీనికీ కడతారు. అయితే వయొలిన్ నాదం కమాను నడిచినంతసేపూ నిలుస్తుంది. మాండొలిన్ నాదం మీటిన క్షణం నుంచే తరగడం మొదలవుతుంది. నాదం నిండుగా వినిపించడానికే తీగల్ని జంటలు చేశారు. తీగను మీటే ప్లెక్ట్రమ్‌ను వేగంగా కిందికీ పైకీ ఆడించి స్వరాన్ని నిలిపే ట్రెమొలో పద్ధతీ ఆ అవసరం కోసమే వచ్చింది. వాద్యం మంచిదా కాదా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది: మీటాక నాదం ఎంతసేపు నిలుస్తుంది, నిలిచినంతసేపూ ఎంత తేటగా ఉంటుంది?

ఈ వాద్యం 18వ శతాబ్దంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో ఒక రూపానికి వచ్చింది. వినాచియా కుటుంబంవారు చేసిన మాండొలిన్ల వీపు వీణ కుండను బాగా చిన్నది చేసినట్టు గుండ్రంగా ఉంటుంది. సన్నటి చెక్క పట్టీలను వంచి, అంచులు కలిపి ఆ వీపు కడతారు. పైపలక పలుచన, నాదం మృదువు. పాత వస్తువుల దుకాణాల్లో ఇలాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి. వాటికి నేటి బరువైన ఉక్కు తీగలు కడితే పైపలక కుంగిపోతుంది. అందం చూసి కొన్నా తేలిక తీగలే కట్టాలి.

రెండో రూపం అమెరికాది. పైపలకనూ వీపునూ వయొలిన్ మాదిరిగా ఉబ్బెత్తుగా చెక్కే పద్ధతికి ఆర్విల్ గిబ్సన్ 1898లో పేటెంట్ పొందాడు. 1902లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో ఆయన పేరిట సంస్థ వెలిసింది. అక్కడ పనిచేసిన లాయిడ్ లోర్ 1922లో ఎఫ్-5 అనే నమూనాను బయటికి తెచ్చాడు. గుండ్రటి రంధ్రం బదులు వయొలిన్‌కు ఉండే ఎఫ్ ఆకారపు రంధ్రాలు, లోపల పైపలకకు అతికించిన రెండు టోన్ బార్లు, పొడవైన మెడ దాని ప్రత్యేకతలు. 1924 వరకు లోర్ సంతకంతో వెలువడిన ఎఫ్-5 వాద్యాలు ఇవాళ లక్ష డాలర్లకు పైగా పలుకుతాయి. బ్లూగ్రాస్ సంగీతానికి పితామహుడనిపించుకున్న బిల్ మన్రో దశాబ్దాల పాటు వాయించినది 1923 నాటి అలాంటి వాద్యమే.

కొనేవారికి పనికొచ్చే తేడా ఒకటుంది. కన్నీటి చుక్క ఆకారంలో సాదాగా ఉండేది ఎ రకం. భుజం మీద చెక్కతో మెలితిప్పిన చుట్ట, కింద మొనలు ఉండేది ఎఫ్ రకం. ఆ చుట్ట చెక్కడానికి పనివాడికి రోజులు పడతాయి, ధర అమాంతం పెరుగుతుంది. నాదానికి దాని వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ఒకే ధరలో ఎ, ఎఫ్ రెండూ దొరుకుతుంటే ఎ తీసుకోవడమే తెలివైన పని. చుట్టకు పోవలసిన డబ్బు ఆ వాద్యంలో చెక్కకూ పనితనానికీ వెళ్లి ఉంటుంది.

తెలుగువారి చెవికి మాండొలిన్ ఎక్కువగా చేరింది సినిమా వాద్యబృందాల ద్వారా. బాపు తీసిన ‘ముత్యాల ముగ్గు’లో (1975) నేపథ్య సంగీతానికి సజ్జాద్ హుస్సేన్ మాండొలిన్ వాడారు. హిందీ చిత్రసీమలో సంగీత దర్శకుడిగా పేరున్న సజ్జాద్ ఈ వాద్యం మీద స్వరం నుంచి స్వరానికి జారే మీండ్ పలికించగలిగిన అరుదైన విద్వాంసుడు. అయినా, మాండొలిన్ మీద రాగాలాపన, కృతి, కచేరీ సాధ్యమని లోకానికి చూపింది మాత్రం పాలకొల్లు కుర్రవాడు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. మాండొలిన్‌ను శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. వాద్యం చేతికి అలవాటైన దారిలో సంగీతం నడవలేదు, గాత్రం అడిగినదాన్ని వాద్యం ఇవ్వవలసి వచ్చింది. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో మరణించేనాటికి ఆయన వయసు 45.

గాత్రం అడిగింది గమకాన్ని. ఎనిమిది తీగల మాండొలిన్ దాన్ని ఇవ్వలేదు. కారణం లెక్కకు అందేదే. తీగను పక్కకు లాగి అర స్వరం పెంచాలంటే దాని బిగువు సుమారు 12 శాతం పెరగాలి. జంట తీగలైతే ఆ బలం రెండింతలు కావాలి. పైగా రెండు తీగలూ సమంగా సాగకపోతే శ్రుతి చీలి గరగర వినిపిస్తుంది. శ్రీనివాస్ జంటల్ని తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. మంద్రస్థాయి కోసం అయిదో తీగ చేర్చాడు. పెట్టె గుల్లగా లేని ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకున్నాడు. నాదాన్ని నిలబెట్టే బాధ్యత చెక్క నుంచి పికప్‌కూ యాంప్లిఫయర్‌కూ మారింది. తీగల్ని షడ్జ పంచమాలకు కట్టడం కర్ణాటక మాండొలిన్‌లో పరిపాటి అయింది.

కాబట్టి ‘మేలైన మాండొలిన్’ అన్న మాటకు ఒకే కొలత లేదు. లోర్ సంతకం ఉన్న ఎఫ్-5 మీద తోడి గాంధారాన్ని ఊపబోతే జంట తీగలు వేలికి లొంగవు. శ్రీనివాస్ తరహా అయిదు తీగల వాద్యాన్ని బ్లూగ్రాస్ బృందంలో పెడితే తాళానికి చెక్క నుంచి రావలసిన దెబ్బ రాదు. ధర పట్టికలో మొదటిది పైన, రెండోది చాలా కింద. కచేరీ వేదిక మీద ఆ వరుసకు విలువ లేదు. కొనేవారు దుకాణం గుమ్మం ఎక్కకముందే తేల్చుకోవలసింది వాయించబోయే సంగీతం ఏదన్నదే. సినిమా పాటలు, భజనలు, పాశ్చాత్య సంగీతం అయితే ఎనిమిది తీగల అకూస్టిక్. కర్ణాటక సంగీతం అయితే ఒంటి తీగల ఎలక్ట్రిక్. రెండూ కావాలనుకునేవారు సాధారణంగా రెండు వాద్యాలు కొనుక్కుంటారు, లేదా రెంటిలోనూ అసంతృప్తితో సర్దుకుంటారు.

అకూస్టిక్ వాద్యంలో ముందు చూడవలసింది పైపలక. మంచివాటికి స్ప్రూస్ చెక్క వాడతారు, వీపుకూ పక్కలకూ మేపుల్. పలకను నిండు చెక్క నుంచి చెక్కారా, పలుచటి నిండు పలకను వేడితో వంచారా, ప్లైవుడ్ అతికించారా అన్నదాన్ని బట్టి మూడు అంతస్తులు. రంధ్రం అంచున టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. పైన కనిపించే చారలు అంచు మందంలోకి అలాగే దిగితే నిండు చెక్క. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. చెక్కిందా, వంచిందా అని తేల్చడం మాత్రం కంటికి కష్టం. అక్కడ తయారీదారు మాటా చెవీ రెండూ కావాలి. ప్లైవుడ్ వాద్యం మొదటి రోజు ఎలా పలికిందో పదేళ్లకూ దాదాపు అలాగే పలుకుతుంది. నిండు చెక్క వాయించే కొద్దీ విచ్చుకుంటుందని వాద్యకారులు నమ్ముతారు.

మార్కెట్‌లో కోల్‌కతాలో తయారయ్యే గివ్సన్ వంటివి కొన్ని వేల రూపాయలకు దొరుకుతాయి. సరళీ వరుసలకు, వేళ్లు అలవాటు కావడానికి చాలు. చైనాలో చేతితో చెక్కే ఈస్ట్‌మన్, కెంటకీ పేరుతో వచ్చేవి మధ్య రకం. పెట్టిన డబ్బుకు తగిన నాదం ఎక్కువగా ఈ వరుసలోనే దొరుకుతుందని చెప్పవచ్చు. టెక్సస్‌లోని కాలింగ్స్, ఆస్ట్రేలియాకు చెందిన గిల్‌క్రిస్ట్ వంటివారి పనితనం లక్షల్లో ఉంటుంది. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు కలిసి చెప్పిన ధరకూ చేతికందే ధరకూ పొంతన ఉండదు.

పేరు కన్నా ముఖ్యం మెడ, మెట్లు. వీణ మెట్లను మైనంలో అమరుస్తారు. శ్రుతి తప్పితే పనివాడు మైనం కరిగించి మళ్లీ కూర్చగలడు. మాండొలిన్ మెట్లు చెక్కలో బిగించినవి, ఒక్కసారి తప్పుగా పడితే అంతే. పరీక్ష సులువు. పన్నెండో మెట్టు మీద తీగను నొక్కకుండా వేలు తాకించి మీటి, వెంటనే అదే మెట్టు నొక్కి మీటాలి. రెండు స్వరాలూ ఒక్కటే కావాలి. తేడా వస్తే పైపలక మీద తీగలు ఆనే బ్రిడ్జ్‌ను కాస్త ముందుకో వెనక్కో జరిపి చూడాలి. అది అతికించి ఉండదు, తీగల బిగువుతోనే నిలబడుతుంది. బ్రిడ్జ్ సరిచేసినా మధ్య మెట్ల మీద స్వరాలు తప్పుతుంటే ఆ వాద్యం వదిలెయ్యాలి. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఎడం సుమారు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంటే వేళ్లకు సుఖం. అంతకన్నా ఎత్తుగా ఉన్నా బ్రిడ్జ్ మరలతో దించవచ్చు. దించాక తీగలు జీరపోతే మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నట్టు.

మెడ వంగిందేమో చూడటానికి తీగను మొదటి మెట్టు మీద, మెడ పెట్టెను కలిసే మెట్టు మీద ఏకకాలంలో నొక్కాలి. మధ్యలో తీగకూ మెట్లకూ నడుమ వెంట్రుకవాసి సందు ఉండాలి. కాగితాల కట్ట దూరేంత ఉంటే మెడ ముందుకు వంగింది. మెడ లోపల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఉంటే సవరించవచ్చు. చవకవాటిలో అది ఉండకపోవచ్చు.

గమకం కోసం కొనే ఎలక్ట్రిక్ వాద్యంలో చూడవలసినవి వేరు. తీగను పక్కకు లాగినప్పుడు అది మెడ అంచు దాటి జారిపోకూడదు, కాబట్టి మెడ కాస్త వెడల్పు కావాలి. మెట్లు కొంచెం ఎత్తుగా ఉంటే వేలికింద పలక తగలదు, తీగ లొంగుతుంది. అయిదో తీగ దగ్గరే చాలా వాద్యాలు దొరికిపోతాయి. మాండొలిన్ తీగ నిడివి సుమారు 35 సెంటీమీటర్లు. అంత పొట్టి తీగకు మంద్ర షడ్జం కట్టాలంటే బాగా లావు తీగ వెయ్యాలి, లేదా వదులుగా ఉంచాలి. వదులైతే స్వరం తూలుతుంది, మరీ లావైతే నాదం మొద్దుబారుతుంది. నిడివి కొంచెం పెంచి చేసిన వాద్యంలో ఈ చిక్కు తక్కువ. పికప్ అయిదు తీగల్నీ ఒకే బలంతో అందుకుంటోందా, చెయ్యి తీసినప్పుడు యాంప్లిఫయర్‌లో హమ్ వస్తోందా అన్నవి దుకాణంలోనే వినాలి. దుకాణంలో నాలుగు గోడల మధ్య వినిపించే చిన్న హమ్ సభలో మైకుల ముందు పెద్దదవుతుంది.

రెండు వాద్యాల్ని పోల్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు తీగల్ని పట్టించుకోకపోవడం. తుప్పుపట్టిన తీగలున్న మంచి వాద్యం, కొత్త తీగలున్న నాసి వాద్యం ముందు ఓడిపోతుంది. ఒకే రకం తీగలు, ఒకే ప్లెక్ట్రమ్, ఒకే వాద్యకారుడు ఉంటే తప్ప ఆ పోలికకు అర్థం లేదు. ప్లెక్ట్రమ్ మందం మారినా నాదం మారిపోతుంది. వాయించేది బాగా తెలిసినదై ఉండాలి. మాయామాళవగౌళలో సరళీ వరుసలు మూడు కాలాల్లో వాయిస్తే మెట్ల సమానత తెలుస్తుంది. మోహనంలో జారులు వేస్తే నాదం ఎంతదూరం వెంట వస్తుందో తెలుస్తుంది. తోడి గాంధారం మిగతాదంతా చెప్పేస్తుంది. కొనేవారికి వాయించడం ఇంకా రాకపోతే వచ్చినవారిని తోడు తీసుకెళ్లి, వాద్యాల వైపు వీపు తిప్పి కూర్చుని వినడం మేలు. మెరిసే వార్నిష్ చెవిని మోసగించడం దుకాణదారులందరికీ తెలిసిన రహస్యం.

సికింద్రాబాద్‌లోని తిరుమలగిరి వంటి చోట కొనేవారు వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సికింద్రాబాద్ దక్కన్ పీఠభూమి మీద ఉంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎండిపోతుంది, జూన్‌లో వానలు మొదలవగానే తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. నిండు చెక్క పలక వేసవిలో కుంచించుకుంటుంది, తీగలు దిగి జీరపోతాయి, మెట్ల కొసలు మెడ అంచున వేళ్లకు గుచ్చుకుంటాయి. మరీ ఎండితే పలక చీలుతుంది. వానల్లో అదే పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. చెన్నైలోనో గోదావరి డెల్టాలోనో ఏళ్ల తరబడి ఉన్న వాద్యాన్ని ఇక్కడికి తెస్తే మొదటి వేసవి దానికి గండమే. తిరుమలగిరి కంటోన్మెంటు ప్రాంతం. సైనిక కుటుంబాలు బదిలీల మీద తేమ సీమల నుంచి ఎడారి సీమలకు, అక్కడి నుంచి ఇక్కడికి మారుతుంటాయి, వాటితో వాద్యాలూ మారుతుంటాయి. అలాంటి ఇళ్లకు ప్లైవుడ్ వాద్యమో ఎలక్ట్రిక్ వాద్యమో నిక్షేపంగా సరిపోతుంది. నిండు చెక్కదే కావాలంటే గట్టి పెట్టె, అందులో తేమను నిలకడగా ఉంచే సంచి తప్పనిసరి. గాలిలో తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్క కుదురుగా ఉంటుంది.

పాత వాద్యం కొనేటప్పుడు పైపలక కుంగిందేమో ముందు చూడాలి. ఎనిమిది తీగల బిగువు మొత్తం సుమారు 80 కిలోల దాకా ఉంటుంది. ఆ బిగువు బ్రిడ్జ్ మీద వేసే ఒత్తిడిని ఏళ్ల తరబడి మోసేది ఆ పలుచటి పలకే. బ్రిడ్జ్ పాదాల చుట్టూ గుంట, మెడ మొదట్లో సన్నటి చీలిక కనిపిస్తే బేరం ఎంత చవకైనా వెనక్కి తగ్గాలి. మెట్లు అరిగిపోవడం, బిరడాలు వదులవడం, బ్రిడ్జ్ విరగడం వంటివి మరమ్మతుకు లొంగే లోపాలే. వాటికయ్యే ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగవచ్చు.

కొత్తదైనా పాతదైనా, ఆన్‌లైన్‌లో తెప్పించినదైతే మరీ, వాద్యం ఇంటికి వచ్చాక తెలిసిన పనివాడితో ఒకసారి సరిచేయించాలి: మెట్లు సమం చేయడం, మెడ పైకొసన తీగలు ఆనే నట్ గాడులు తగినంత లోతు చేయడం, బ్రిడ్జ్‌ను చోటున నిలపడం. మధ్య రకం మాండొలిన్‌ను ఈ పని ఒక మెట్టు పైకి తీసుకెళుతుంది. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగానే విప్పి ఒక్కొక్కటిగానే కట్టాలి. అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జ్ చోటు తప్పుతుంది, పన్నెండో మెట్టు పరీక్ష మళ్లీ మొదటి నుంచి చెయ్యవలసి వస్తుంది.