నిలదీసిన గొంతులు: అమెరికా నల్లజాతి వక్తృత్వ సంప్రదాయం

అమెరికాలో నల్లజాతి ప్రజలు సమానత్వం కోసం సాగించిన పోరాటంలో నోటిమాట తొలినుంచీ పెద్ద ఆయుధం. బానిసత్వం అమల్లో ఉన్న దక్షిణాది రాష్ట్రాల్లో వారిలో దాదాపు ఎవరికీ ఓటు లేదు. కోర్టులో తెల్లవారికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే హక్కు దాదాపు ఎక్కడా లేదు. బానిసలకు చదువు చెప్పడం చాలాచోట్ల నేరం. అలాంటి స్థితిలో, విననని మొండికేసినవారి చేత కూడా మాట వినిపించగలగడం ప్రాణావసరమైంది. 19వ శతాబ్దపు బానిసత్వ వ్యతిరేక సభల నుంచి 1960ల పౌరహక్కుల ఉద్యమం దాకా ఆ అవసరమే ఒక గొప్ప వక్తృత్వ సంప్రదాయాన్ని పెంచింది.

అనుభవమే సాక్ష్యం

ఈ సంప్రదాయానికి మూలస్తంభం ఫ్రెడరిక్ డగ్లస్. ఆయన 1818 ప్రాంతంలో మేరీలాండ్‌లో బానిసగా పుట్టారు. పన్నెండేళ్ల వయసులో యాభై సెంట్లు పోగుచేసుకుని ‘ది కొలంబియన్ ఆరేటర్’ అనే ప్రసంగాల పాఠ్యపుస్తకం కొనుక్కున్నారు. అందులో యజమానికీ, పారిపోయి పట్టుబడిన బానిసకూ మధ్య సాగే సంభాషణ ఒకటి ఉంది. యజమాని వాదనలన్నిటికీ బానిస జవాబు చెబుతాడు. చివరికి యజమాని అతడిని విడుదల చేస్తాడు. ఆ సంభాషణను మళ్లీ మళ్లీ చదివానని డగ్లస్ ఆత్మకథలో రాసుకున్నారు.

1838లో ఆయన బానిసత్వం నుంచి తప్పించుకున్నారు. 1841 ఆగస్టులో నాన్‌టకెట్ దీవిలో జరిగిన సభలో మాట్లాడాక, మసాచుసెట్స్ బానిసత్వ వ్యతిరేక సంఘం ఆయనను ప్రచారకుడిగా నియమించింది. అయితే సంఘంలోని తెల్లజాతి మిత్రులు, జరిగింది మాత్రం చెప్పమని, తర్కం తమకు వదిలేయమని సలహా ఇచ్చారు. డగ్లస్ అందుకు ఒప్పుకోలేదు. అనుభవించినవాడికి ఆ అనుభవం గురించి వాదించే అధికారం కూడా ఉందని ఆయన నమ్మకం. ఆయన భాషలోని తేటదనం విని, ఈ మనిషి నిజంగా బానిసేనా అని కొందరు అనుమానించారు. దానికి జవాబుగా 1845లో యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లతో సహా ఆత్మకథ ప్రచురించారు. పట్టుబడే ప్రమాదం పెరగడంతో బ్రిటన్, ఐర్లండ్‌లకు వెళ్లి తలదాచుకోవలసి వచ్చింది. పేర్లూ తావులూ దాచకుండా చెప్పడం అప్పటినుంచి ఈ సంప్రదాయానికి ప్రాణమైంది.

ఇచ్చిన మాటకు కట్టుబడేలా చేయడం

రెండో పద్ధతి, అవతలివారు పవిత్రంగా చెప్పుకునే విలువలతోనే వారిని కొలవడం. 1852 జూలై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో డగ్లస్ చేసిన ప్రసంగం దీనికి పరాకాష్ఠ. స్వాతంత్ర్య దినోత్సవం గురించి మాట్లాడమని అక్కడి మహిళా సంఘం ఆయనను పిలిచింది. ఆయన మొదట దేశ నిర్మాతల ధైర్యాన్ని మనసారా మెచ్చుకున్నారు. సభ తనతో కలిసి నడుస్తోందని రూఢి చేసుకున్నాకే మలుపు తిప్పారు. ఆ పండుగ శ్రోతలదే తప్ప బానిసలది కాదన్నారు.

అక్కడినుంచి ఆ ప్రసంగం నడిచిన తీరు గమనించదగ్గది. బానిస మనిషేనని నిరూపించాలా అని డగ్లస్ ప్రశ్నించారు. ఆ పని తాను చేయనన్నారు. అంటూనే ఒక లెక్క చెప్పారు. వర్జీనియాలో నల్లవాడు చేస్తే మరణశిక్ష పడే నేరాలు 72 ఉండగా, వాటిలో తెల్లవాడికి అదే శిక్ష పడేవి రెండే. మంచిచెడ్డలు తెలిసిన మనిషి అని ఒప్పుకోకుండా చట్టం అతడిని శిక్షించలేదు కదా! వాదించనంటూనే, ఎదుటివారి చట్టాన్నే సాక్షిగా నిలబెట్టి వాదన గెలిచారు. వెంటనే బాల్టిమోర్‌లో చిన్నప్పుడు అర్ధరాత్రివేళ విన్న సంకెళ్ల చప్పుడును, అమ్మకానికి తోలుకుపోతున్న మనుషుల గుంపులను కళ్లకు కట్టారు. తర్కం బుద్ధిని కట్టిపడేస్తే, ఆ చప్పుడు మనసును పట్టుకుంది.

ఐడా బి. వెల్స్ ఇదే పద్ధతిని మరో దారిలో నడిపారు. 1892లో మెంఫిస్ నగరంలో ఆమె మిత్రుడితో సహా ముగ్గురు నల్లజాతి వ్యాపారులను మూక చంపేసింది. మూకహత్యలను ఖండిస్తూ రాసినందుకు ఆమె పత్రికా కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. ఆమె ఉత్తరాది నగరాల్లో, ఆ తర్వాత బ్రిటన్‌లో ఉపన్యాసాలిచ్చారు. మూకహత్యల గురించి తెల్లవారి పత్రికలు అచ్చువేసిన వివరాలనే ఆధారంగా చూపేవారు. తమ పత్రికల లెక్కలను తామే కాదనడం తెల్లవారికి కష్టమైంది.

చర్చి నేర్పిన లయ

ఈ వక్తృత్వానికి గొంతునిచ్చింది నల్లజాతి చర్చి. అక్కడ బోధకుడు ఒక్కడే మాట్లాడి, మిగతావారు మౌనంగా కూర్చునే ఆచారం లేదు. బుర్రకథలో వంతలు అందుకున్నట్టు, ప్రతి మాటకూ సభ బదులు పలుకుతుంది. బోధకుడు నెమ్మదిగా, తగ్గు స్వరంలో మొదలుపెడతాడు. సభ స్పందననుబట్టి వేగం పెంచుతాడు. ఒకే పదబంధాన్ని పల్లవిలా తిప్పితిప్పి పలుకుతూ పతాకస్థాయికి తీసుకెళ్తాడు. పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ సభ ముందే అందుకుంటుంది. అలా వక్త వాదన శ్రోతల సొంత మాట అయిపోతుంది.

1955 డిసెంబరు 5న అలబామాలోని మాంట్‌గోమరీలో ఈ శక్తి బయటపడింది. బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనందుకు రోజా పార్క్స్ అరెస్టయిన నాలుగు రోజులకు హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో సభ జరిగింది. లోపల చోటు చాలక వేలమంది బయట నిలబడి లౌడ్‌స్పీకర్లలో విన్నారు. 26 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్‌కు ప్రసంగం సిద్ధం చేసుకోవడానికి దొరికింది దాదాపు 20 నిమిషాలే. జనాన్ని పోరాటానికి కదిలించాలి, ద్వేషానికి తావివ్వకూడదు. కింగ్ మొదట పార్క్స్ అరెస్టు వివరాలు నిదానంగా చెప్పారు. తర్వాత, సహించి సహించి ప్రజలు అలిసిపోయే సమయం ఒకటి వస్తుందన్న మాట పల్లవిగా అందుకోగానే సభ హోరెత్తింది. ఆ హోరు మధ్యే హింసకు తమ ఉద్యమంలో చోటు లేదని చెప్పారు. తమది తప్పయితే సుప్రీంకోర్టుదీ, రాజ్యాంగానిదీ తప్పేనన్న వాదనను మెట్టుమెట్టుగా పైకి తీసుకెళ్లారు. పార్క్స్ అరెస్టుకు నిరసనగా మొదలైన బస్సుల బహిష్కరణ ఏడాదికి పైగా సాగింది.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో సుమారు రెండున్నర లక్షల మంది ముందు కింగ్ చేసిన ప్రసంగంలో ఈ పద్ధతులన్నీ కలిశాయి. దేశ నిర్మాతల హామీని చెల్లని చెక్కుతో పోల్చి నిలదీసిన భాగం ముందే రాసుకున్నది. అందరికీ గుర్తుండిపోయిన ‘కల’ భాగం ఆ రాతప్రతిలో లేదు. వేదికపై ఉన్న గాయని మహాలియా జాక్సన్ ఆ కల గురించి చెప్పమని కేకవేశారు. అంతకుముందు వేరే సభల్లో చెప్పిన భావాన్నే కింగ్ కాగితం పక్కనపెట్టి అక్కడ కొత్తగా అల్లారు.

వేరే గొంతులు, వేరే దారులు

అందరూ ఒకేలా మాట్లాడలేదు. మాల్కమ్ ఎక్స్ పొట్టి వాక్యాలతో, పదునైన ప్రశ్నలతో మాట్లాడేవారు. 1964 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో చేసిన ప్రసంగంలో, తెల్లజాతి ఓట్లు చీలిపోయినచోట నల్లజాతి ఓటే ఫలితాన్ని తేలుస్తుందని వివరించారు.

అదే ఏడాది ఆగస్టు 22న డెమొక్రాటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు ఫానీ లూ హేమర్ ఇచ్చిన వాంగ్మూలంలో అలంకారాలు దాదాపు లేవు. ఆమె మిసిసిపీలో పత్తి కౌలు కూలీ. తన పేరు, వీధి పేరు, ఊరు చెప్పి మొదలుపెట్టారు. ఓటరుగా నమోదు కావడానికి 1962 ఆగస్టు 31న 26 మైళ్లు వెళ్లడం, ఆ కారణంగానే భూస్వామి వెళ్లగొట్టడం, మరుసటి ఏడాది వినోనా జైలులో తిన్న దెబ్బలు వరసగా చెప్పారు. చివర దేశాన్నే ప్రశ్నించారు. టీవీ కెమెరాలను మళ్లించడానికి అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు విలేకరుల సమావేశం పెట్టారు. కానీ ఆ రాత్రే టీవీ సంస్థలు హేమర్ మాటలను దేశమంతటికీ చూపాయి.

మాట హద్దులు, మాట విలువ

మాటకు హద్దులూ ఉన్నాయి. 1851లో ఆక్రన్ సభలో నల్లజాతి వక్త సోజర్నర్ ట్రూత్ చేసిన ప్రసంగాన్ని, అప్పటి పత్రికా పాఠానికి చాలా భిన్నంగా, పన్నెండేళ్ల తర్వాత మరొకరు దక్షిణాది యాసలో రాశారు. నిజానికి ట్రూత్ న్యూయార్క్ రాష్ట్రంలో డచ్ భాష మాట్లాడుతూ పెరిగారు. వక్త గొంతును ఇతరులు తమకు నచ్చినట్టు దిద్దుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పైగా, ప్రసంగం ఒక్కటే బస్సుల బహిష్కరణను నిలబెట్టలేదు. మాంట్‌గోమరీలో రాత్రికి రాత్రి వేలకొద్దీ కరపత్రాలు వేసిన జో ఆన్ రాబిన్సన్, కార్లలో జనాన్ని పనులకు చేర్చిన కార్యకర్తలు లేకపోతే హోల్ట్ స్ట్రీట్ ప్రసంగం ఒక్క సాయంత్రపు ముచ్చటగా మిగిలేది. హేమర్ బృందానికి కూడా 1964 మహాసభలో దక్కింది రెండు సీట్ల రాజీ ప్రతిపాదనే. దాన్ని వారు తిరస్కరించారు. ఓటు హక్కు చట్టం 1965 ఆగస్టు 6న వచ్చింది.

అయినా ఆ చట్టానికి నేల సిద్ధం చేసింది ఈ గొంతులే. ఈ ప్రసంగాలు చదివేవారు పేరుపొందిన వాక్యాల దగ్గరే ఆగిపోకూడదు. వక్త ఏ సాక్ష్యం చూపాడు, ఎవరి మాటతో ఎవరిని నిలదీశాడు, సభను ఏ పనికి పూనుకునేలా చేశాడు అన్నవి గమనించాలి. అన్యాయాన్ని మాటతో ఎదిరించదలచిన ప్రతి ఒక్కరూ వాటినుంచి నేర్చుకోవలసిన విద్య అదే.