వీరతాడు ఎవరి మెడలో?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మేము ఇంట్లో మూడు పాత సినిమాలు చూశాం. ‘మేము’ అంటే మా ఇంటివాళ్లం మాత్రమే కాదు. బంట్వారం మండలంలోని మా తాండాలో ఎవరింట్లోనైనా టీవీలో సినిమా మొదలైందంటే పక్కింటి పిల్లలు, ఎదురింటి ముసలమ్మ, గొర్రెలను దొడ్డికి తోలి వచ్చిన తాత, అందరూ ఆ గదిలోకే వస్తారు. గది చాలకపోతే తలుపు తీసి, అరుగు మీది బండల మీద కూర్చుంటారు. మా చిన్నప్పుడు తాండా మొత్తానికి ఒక్క నాయక్ ఇంట్లోనే బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. దూరదర్శన్‌లో సినిమా వచ్చే రోజు ఒకరు మిద్దె ఎక్కి ఏంటెనా తిప్పేవారు, కిందినుంచి పదిమంది ‘వచ్చింది, పోయింది’ అని అరిచేవారు. ఇప్పుడు ఏంటెనా లేదు. ఫోన్‌లో వెతికి టీవీకి కలిపితే చాలు, అరవై డెబ్బై ఏళ్ల కిందటి సినిమా కళ్ల ముందుకొస్తుంది. అయితే చిన్నప్పుడు మేము సినిమాను ఆపలేకపోయేవాళ్లం. ఇప్పుడు ఆపగలం, వెనక్కి తిప్పగలం, ఇదేమిటని అడగగలం. ఈ వ్యాసం అలా ఆపి అడిగినప్పుడు పుట్టిందే.

మొదట చూసింది ‘మాయాబజార్’. 1957లో విజయా వారు తీశారు. కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, కెమెరా మార్కస్ బార్ట్లే. రంగులు అద్దిన ప్రతి 2010లో వచ్చింది కానీ మేము చూసింది నలుపు తెలుపుదే. ఈ సినిమా గొప్పదని చెప్పడానికి ఇంకో వ్యాసం అక్కరలేదు. తెలుగు తెలిసిన ప్రతి ఇంట్లో ఆ మాట ఎప్పుడో తేలిపోయింది. మేము చెప్పదలచింది వేరు. ఈ సినిమాలో అడవి ఎక్కడుంది, అడవి మనుషులు ఎవరు, వాళ్లకు ఏం దక్కింది?

కథ అందరికీ తెలిసినదే. పాండవులు రాజ్యం పోగొట్టుకున్నాక బలరాముడు ఇచ్చిన మాట తప్పి, శశిరేఖను దుర్యోధనుడి కొడుక్కి ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. అవమానం భరించలేక సుభద్ర కొడుకును వెంటబెట్టుకుని ద్వారక విడిచి అడవిదారి పడుతుంది. అక్కడ తన హద్దులోకి ఎవరో వచ్చారని ఘటోత్కచుడు అడ్డగిస్తాడు. అభిమన్యుడితో తలపడతాడు. తీరా తన తమ్ముడే అని తెలిశాక తలవంచి, పినతల్లిని ఇంటికి తీసుకుపోతాడు. మా యాడి ఆ చోట సినిమా ఆపమంది. “కష్టమొచ్చినప్పుడు చుట్టాలు తలుపు మూసుకున్నరు, అడవోళ్లు తీసిండ్రు” అంది మా బోలిలో. సినిమాల గురించి పుస్తకాలు చదవని మనిషి ఆమె. కానీ కథకు ఇరుసు ఎక్కడుందో ఒక్క మాటలో చూపించింది. ద్వారకలో ఉన్నది సంపద, అడవిలో ఉన్నది ఆదరణ. సినిమా నవ్విస్తూనే ఆ తేడాను చివరిదాకా నిలబెట్టింది. శశిరేఖ, అభిమన్యుల అసలు పెళ్లి కూడా అడవిలోనే జరుగుతుంది, మేడలో కాదు.

ఇక మేము ఈ వ్యాసం రాయడానికి కారణమైన సన్నివేశం. ఘటోత్కచుడి ఆశ్రమంలో చిన్నమయ అనే గురువు ఉంటాడు. రమణారెడ్డి వేసిన పాత్ర. లంబు, జంబు అతని శిష్యులు. గురువు సంస్కృత పదాలు నేర్పాలని చూస్తాడు, శిష్యుల నోట ఒత్తులు పలకవు. ‘అస్మదీయులు’ కాస్తా ‘అసమదీయులు’ అవుతుంది. దానికి జోడుగా ‘తసమదీయులు’ అనే మాట కూడా పుట్టుకొస్తుంది. అలాంటి మాట లేదని గురువు గొణుగుతాడు. ఘటోత్కచుడు మాత్రం, ఎవరో ఒకరు పుట్టిస్తేనే కదా మాట పుట్టేది అనే అర్థంలో తీర్పు చెప్పి, తప్పు పలికినవాడికే వీరతాడు వేయిస్తాడు. మా ఇంట్లో పిల్లలు పడి పడి నవ్వారు. మేమూ నవ్వాం. రెండోసారి చూసినప్పుడు నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ చిన్నమయ మేమే. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చేసి, ఇరవై ఏళ్లుగా చాక్‌పీసు పట్టుకుని, పిల్లల నోట ‘ఇస్కూలు’ను స్కూలు చేస్తూ, ‘పరశ్న’ను ప్రశ్న చేస్తూ వచ్చినవాళ్లం. ఒక సంగతి దాచకుండా చెబుతాం. కొన్నేళ్ల కిందట మా ఒకటో తరగతిలో తాండా పిల్ల ఒకతె చేరింది. తల్లిదండ్రులు కూలికి బొంబాయి పోయారు, పిల్ల దాది దగ్గర ఉంటోంది. మీ ఇంట్లో ఎవరెవరున్నారు అని అడిగితే లేచి, “యాడి లేదు” అంది. వెనక బెంచీ పిల్లలు నవ్వారు. “యాడి కాదమ్మా, అమ్మ అనాలి” అన్నాం మేము. ఆ పిల్ల పలక మీద ‘అమ్మ’ అని రాసింది. అక్షరం గుండ్రంగా, చక్కగా ఉంది. తర్వాత చాలా రోజులు నోరు విప్పలేదు. తల్లి ఊళ్లో లేదు, తల్లిని పిలిచే మాట కూడా బడి తీసేసుకుంది. మేము కూడా అదే బోలిలో పుట్టినవాళ్లమే. మా చిన్నప్పుడు నీళ్లను ‘పాణి’ అన్నందుకు బెత్తం దెబ్బ తిన్నవాళ్లమే. తిన్న దెబ్బనే తిరిగి కొట్టాం. కాకపోతే బెత్తం లేకుండా, మెత్తటి గొంతుతో.

అందుకే ఆ సన్నివేశం మాకు హాస్యంగా మిగల్లేదు. గోర్ మాటలో మనవాళ్లు ‘గోర్’, బయటివాళ్లు ‘కోర్’. ఒక్క అక్షరం తేడాతో లోకాన్ని రెండుగా చెప్పేసే జంట పదం. అసమదీయులు, తసమదీయులు అన్నా అదే పని. మొదటి అక్షరం మార్చి జోడు మాట పుట్టించడం మా ముసలివాళ్లకు కొత్త కాదు, తెలుగువాళ్లకూ కొత్త కాదు. కంబళి పక్కన గింబళి, తల్పం పక్కన గిల్పం పెట్టి అదే సినిమా ఎంత ఆట ఆడిందో చూడండి. తనంతట తాను చుట్టుకుపోయే గింబళి, మనిషిని కిందికి తోసే గిల్పం. ఆ మాటలకు అర్థం నిఘంటువు ఇవ్వలేదు, అడవి పనివాళ్లు చేసిన వస్తువు ఇచ్చింది. తప్పుగా పలకడం వేరు, కొత్తగా పలకడం వేరు అని పింగళివారు నవ్వుతూ చెప్పారు. మేము పాఠం చెప్పే బల్ల దగ్గర ఆ తేడా మరిచిపోయాం.

మెచ్చుకోవడం అయింది. ఇప్పుడు తగువు. సినిమా రెండో సగంలో చిన్నమయ, లంబు, జంబు కలిసి పెళ్లివారి విడిది కోసం ఒక పట్నాన్నే లేపుతారు. మేడలు, అంగళ్లు, పరుపులు, పిండివంటలు. మార్కస్ బార్ట్లే కెమెరా పనికి ఇప్పటికీ నోరు తెరుచుకుని చూస్తాం. అప్పుడు మా యాడి మళ్లీ అడిగింది. “గింత పట్నం కట్టినోళ్లు రాత్రి యాడ పంటరు?” ఆమె పుణేలో భవనాల దగ్గర తట్ట మోసింది. పన్నెండో అంతస్తుకు ఇటుకలు ఎక్కించి, రాత్రి రేకుల కింద పడుకుంది. భవనం పూర్తయిన రోజే ఆ రేకుల ఇల్లు తీసేస్తారు. ఆ ప్రశ్నకు సినిమా దగ్గర జవాబు లేదు. కట్టినవాళ్లు అక్కడ పనివాళ్లుగా, అంగడివాళ్లుగా కనిపిస్తారు. పని అయిపోగానే మాయమవుతారు. ఘటోత్కచుడు తన కోసం ఏమీ అడగడు. పెద్దింటి పెళ్లి నిలబెట్టడమే అతని గొప్ప. సాయం చేసే అడవివాడు మంచివాడు, వాటా అడిగే అడవివాడు కథలోనే లేడు.

శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలో లేదు, తర్వాతివాళ్లు కల్పించుకున్నది. కానీ ఘటోత్కచుడి ముగింపు భారతంలో ఉంది. ద్రోణపర్వంలో కర్ణుడు అర్జునుడి కోసం దాచిన శక్తిని అతని మీద వేస్తాడు. అతను చనిపోతే పాండవులు ఏడుస్తారు, కృష్ణుడు సంతోషిస్తాడు. అర్జునుడు బతికిపోయాడు కదా! ఈ సంగతి చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి పిల్లవాడు, “మరి ఆయనకు వీరతాడు ఎవరు వేసిండ్రు?” అని అడిగాడు. మేము జవాబు చెప్పలేదు. ఇలాంటి ప్రశ్నను విమర్శ అంటారురా అని మాత్రం చెప్పాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. రాక్షసులంటే మనమే అని పిల్లలకు నూరిపోయమని మేము అనడం లేదు. కోరలు పెట్టిన ముఖంలో తన ముఖం చూసుకొమ్మని ఏ పిల్లకూ చెప్పకూడదు. ఊరి కథ అడవిని చూసినప్పుడు ఆ కోరలు ఎందుకు పెట్టింది అని అడగడం నేర్పితే చాలు. ఎస్వీ రంగారావు నడక, ఆ నవ్వు, సూర్యకాంతం వేసిన హిడింబ ఠీవి, ఇవేవీ ఆ ప్రశ్న వల్ల తగ్గవు.

రెండో సినిమా ‘చెంచులక్ష్మి’. 1943లో ఆ పేరుతో ఒకటి వచ్చింది. మేము చూసింది 1958లో బి.ఏ.సుబ్బారావు తీసినది. అంజలీదేవి, అక్కినేని నటించారు. నల్లమలలో చెంచులు అహోబిల నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడంటారు. పారువేట రోజుల్లో స్వామి చెంచుల ఊళ్ల వైపు కదిలి వస్తాడు. అంతటి చుట్టరికం ఉన్న కథ ఇది. సినిమాలో మాకు బాగా నచ్చింది, ఆ అమ్మాయి వరుణ్ణి పరీక్షించే పాట. నీకు చెట్టెక్కడం వచ్చా, అడవి పనులు వచ్చా అని అడుగుతుంది. అడవి పరీక్ష పెడితే దేవుడు కూడా విద్యార్థే. మన పిల్లలకు పట్నం ఎప్పుడూ పరీక్షలు పెడుతుంది, ఇక్కడ అడవి పెట్టింది. ఆ ఒక్క పాట కోసమైనా పిల్లలకు చూపించవచ్చు. కానీ గుంపు నాట్యాలు వచ్చేసరికి చెంచులు మనుషులుగా కాక అలంకారంగా మిగిలారు. ఈకలు, పూసలు, ఒకే అడుగు. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో సినిమాల్లో అడవి పాట అంటే ఇదే అచ్చు. ప్రభుత్వ లెక్కలో చెంచులు ఆదిమ గిరిజన తెగ, తెర లెక్కలో వెనక వరుస.

మూడోది ‘మా భూమి’. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి.నర్సింగరావు నిర్మాత. 1979 నాటి సినిమా, మరుసటి ఏడు విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. ఇందులో మాయలు లేవు, కోరలు లేవు. గడి ఉంది, వెట్టి ఉంది, మన ప్రాంతపు మాట ఉంది. సాయిచంద్ వేసిన రామయ్య ప్రేమించిన చంద్రి లంబాడా పిల్ల. దొర కన్ను ఆమె మీద పడుతుంది. జరిగింది తెలిసి రామయ్య ఆమెను కాదని వెళ్లిపోతాడు. సినిమా రామయ్య వెంట హైదరాబాదు పోయింది, పోరాటం దాకా పోయింది. అది న్యాయమైన కథే. మా గదిలో మాత్రం చూపులన్నీ చంద్రి దగ్గరే ఆగిపోయాయి. దొర చేసిన దానికి ఆమెకు రెండు శిక్షలు పడ్డాయి, ఒకటి దొర చేతిలో, ఇంకోటి ప్రేమించినవాడి చేతిలో. సినిమా మొదటిదాన్ని గట్టిగా చూపింది, రెండోదాన్ని దాటిపోయింది. యాడి ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెట్టె తీసి, పెళ్లినాటి కాంచళి బయటపెట్టి, అద్దాలు ఎన్ని ఊడాయో లెక్కపెట్టుకుంది.

ఆ పోరాటంలో లంబాడాలు ఏడ్చే పాత్రలు మాత్రమే కాదు. జనగామ వైపు ధర్మాపురంలో జాటోత్ ఠానునాయక్ కుటుంబం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. భూమి కోసం నిలబడి 1950లో ఠానునాయక్ ప్రాణమిచ్చాడు. చంద్రిని చూసిన పిల్లలకు ఆయన పేరు కూడా తెలియాలి. సినిమా చెప్పని చోట టీచరు చెప్పాలి.

మూడూ చూశాక మాకు తేలింది ఇది. పాత సినిమాను ప్రేమించడానికి నోరు మూసుకోనక్కరలేదు, ప్రశ్నించడానికి ప్రేమను చంపుకోనక్కరలేదు. మాయాబజార్‌ను మేము ఇంకో పదిసార్లు చూస్తాం. పెళ్లి వంటకాలన్నీ ఘటోత్కచుడు ఒక్కడే ఊదేసే చోట మళ్లీ నవ్వుతాం. కానీ యాడి అడిగిన ప్రశ్నను కూడా పక్కనే కూర్చోబెట్టుకుంటాం.

ఉపాధ్యాయ మిత్రులారా, సెలవుల్లో ఇంట్లో గానీ, బడిలో టీవీ ఉంటే అక్కడ గానీ, ఈ సినిమాల్లో ఒకటి పెట్టండి. మధ్యలో ఆపండి. మూడు మాటలు అడగండి. ఈ పని ఎవరు చేశారు? ఫలితం ఎవరు తిన్నారు? ఈ మాటను మీ ఇంట్లో ఏమంటారు? మూడో ప్రశ్నకు పిల్లలు చెప్పే మాటలను బోర్డు మీద తెలుగు లిపిలో రాయండి. యాడి, బాటి, పాణి. ఎరుకల పిల్ల ఉంటే ఆమె మాట, చెంచు పిల్లవాడు ఉంటే అతని మాట కూడా రాయండి. వాటిని కొట్టివేయకుండా పక్కన తెలుగు మాట రాయండి. పిల్లకు రెండు మాటలు వస్తాయి, ఒకటి పోదు.

యువతీ యువకులకు ఒక మాట. ఫోన్‌లో రోజూ ఎన్నో చూస్తున్నారు. చూసినదాని గురించి నాలుగు వాక్యాలు రాయండి. బాగుంది, బాగలేదు అని కాదు. మనం ఇందులో ఎక్కడున్నాం అని రాయండి.

ఆ ఒకటో తరగతి పిల్ల ఇప్పుడు హైస్కూలుకు పోతోంది. ఈ ఎండాకాలం మాయాబజార్ చూసినవాళ్లలో ఆమె కూడా ఉంది. వీరతాడు సన్నివేశం రాగానే అందరికంటే ముందు నవ్వింది ఆమే. సినిమా అయ్యాక మేము ఆ పాత సంగతి గుర్తుచేసి, ఆ రోజు తప్పు మాది అని చెప్పాం. ఆమె తలవంచుకుని, “నాకు యాదిలేదు సార్” అంది. ఉన్నట్టే అనిపించింది మాకు. బయటికి పోతూ చెప్పులు వేసుకుంటూ, వాకిట్లో నిలబడిన తల్లిని “యాడీ, చాల్” అని గట్టిగా పిలిచింది.