'నాడి లేని వ్యాధి': పేరులోని చిక్కు

శాస్త్ర విషయములను తెలుగులో చెప్పువారికి పదముల ఎంపిక చిన్న పని కాదు. ఇందుకు టకయాసు వ్యాధియే నిదర్శనము. ఈ అరుదైన వ్యాధిలో శరీరమును కాపాడవలసిన రక్షణ వ్యవస్థయే మహాధమనిని, దాని పెద్ద శాఖలను దెబ్బతీయును. ధమనుల గోడలు మందమై, లోపలి దారి ఇరుకగును. వయసులోనున్న స్త్రీలకు ఇది ఎక్కువగా వచ్చును. 1908లో మికితో టకయాసు అను జపాను నేత్రవైద్యుడు ఒక యువతి కంటి రక్తనాళములలోని వింత మార్పులను వర్ణించెను. 1951లో షిమిజు, సానో అను వైద్యులు ఇంగ్లీషులో దీనికి పెట్టిన పేరును ఉన్నదున్నట్లు తెలుగు చేసినచో 'నాడి లేని వ్యాధి' అగును.

ఈ పేరులో మొదటి చిక్కు 'నాడి'. వైద్యుడు నాడి చూచెననగా మణికట్టువద్ద ధమని కొట్టుకొనుటను చూచెనని అర్థము. పాఠ్యపుస్తకములో నాడీ వ్యవస్థయనగా మెదడు, వెన్నుపాము, నరములు. ఈ రెండర్థముల నడుమ విద్యార్థి దీనిని నరముల జబ్బని భ్రమపడవచ్చును. 'నరము' అన్నను చిక్కు తీరదు. సూది మందు 'నరానికి' వేసిరని జనులు చెప్పునది సిరను గూర్చియే.

రెండవ చిక్కు 'లేని' అనుట. గుండె కొట్టుకొనుచునే యుండును. ఇరుకైన ధమనిగల చేతిలో మాత్రమే నాడి అందదు, లేదా బలహీనముగా అందును. ఆ చేతికి కొలిచిన రక్తపోటు తక్కువగా కనిపించి, అసలు హెచ్చు రక్తపోటు మరుగున పడవచ్చును.

మూడవది రక్షణ కణములను సైనికులతో పోల్చుట. ఈ పోలిక పిల్లలకు సులభమే. కాని రోగనిరోధక శక్తి ఎంత పెరిగిన అంత మేలను భావమును అది కలిగించును. ఈ వ్యాధికి చికిత్స అందుకు విరుద్ధము: స్టెరాయిడ్లు మొదలగు మందులతో ఆ శక్తి తీవ్రతను తగ్గింతురు. బలపు మందులు కొని త్రాగినందువలన వ్యాధి తగ్గదు, చికిత్సకు ఆలస్యమగును.

ఇది పండితుల మాటల తగవు మాత్రమే కాదు. వ్యాధి తీవ్రతను అంచనా వేయుటకు భారతీయ వైద్యులు రూపొందించిన 'భారతీయ టకయాసు కొలమానము 2010' కలదు. చిత్తూరు పొరుగుననున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు అందులో పాల్గొనిరి. గత మూడు నెలలలో కొత్తగా పుట్టిన, లేక ముదిరిన లక్షణములను ఆ కొలమానము లెక్కించును. చిత్తూరునుండి వెల్లూరికో, తిరుపతిలోని స్విమ్స్‌కో వెళ్లిన రోగి తన బాధను తెలుగులోనే చెప్పుకొనును. 'నరము లాగుచున్నది' అన్న మాటకు వైద్యుడొక అర్థము, రోగి వేరొక అర్థము తీసినచో లెక్క తప్పును.

కావున 'మణికట్టున నాడి అందని ధమని వ్యాధి' అనుట మేలు. పేరు పొడవైనను అర్థము తప్పదు. ఉపాధ్యాయులు ఈ పాఠము చెప్పునప్పుడు విద్యార్థులచేత రెండు మణికట్టులయందును నాడిని చూపించినచో, నాడికి నరమునకు గల భేదము వారికి చేతివ్రేళ్లతోనే తెలియును.