జడ్డిగం నుంచి సాలు దాకా

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో శనగ మొలిచాక, కొన్ని చేలల్లో గట్టు నుంచి గట్టు దాకా ఒక సాలు మొత్తం బోడిగా కనిపిస్తుంది. పక్క సాళ్లు మాత్రం నిండుగా ఉంటాయి. పురుగు తిన్నా, పదును చాలకపోయినా చేను మచ్చలు మచ్చలుగా పలచబడుతుంది తప్ప ఇలా గీత గీసినట్టు ఖాళీ కాదు. అంటే అక్కడ విత్తనం నేల దాకా రానేలేదు, గొర్రు గొట్టాల్లో ఒకటి మూసుకుపోయిందన్నమాట. పక్కపక్కనే వెనక్కి తిరిగి వేసుకుంటూ పోయిన చేలో బోడి సాళ్లు జతగా వస్తే అది చివరి గొట్టం తప్పు, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు ఆ పన్ను మళ్లీ దాని పక్కకే వస్తుంది. చేనే ఇంత స్పష్టంగా చెబుతున్నా "పాత గొర్రు, దీంతో ఇంతే" అని పక్కన పడేయడం మామూలైపోయింది. గొర్రులో విత్తనం సరిగా జారకపోవడానికి కారణం దాని వయసు కాదు. ఎక్కడ ఆగిందో వెతికే క్రమం మనకు మరుపున పడటమే అసలు కారణం.

గొర్రులో దాచిపెట్టిన భాగమంటూ లేదు. పైన చెక్కలో తొలిచిన జడ్డిగం, దాని అడుగున పళ్లు ఎన్ని ఉంటే అన్ని రంధ్రాలు, ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో పన్ను వెనక్కి దిగే వెదురు గొట్టం, ముందు నేలను చీల్చే కర్రు. వెనక నడిచే మనిషి పిడికిలి నుంచి విత్తనం సన్నగా వదులుతుంటే అది జడ్డిగంలో సమానంగా విడిపోయి సాళ్లలోకి జారుతుంది. తప్పు వెతకడం మాత్రం కింద నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా మూసుకునేది కర్రు వెనక ఉన్న గొట్టం నోరు. ఎద్దులు ఆగి ఉండగా గొర్రును నేలలోకి దించినా, దించిన గొర్రు కాస్త వెనక్కి జరిగినా మట్టి ఆ నోట్లోకి ఎక్కుతుంది. నడక మొదలయ్యాక దించడం, మలుపు దగ్గర ముందు విత్తనం ఆపి తర్వాత గొర్రు ఎత్తడం దీనికి విరుగుడు. ఎత్తిన ప్రతిసారీ గొట్టాల నోళ్లు చూసుకోవాలి, సన్నటి పుల్ల ఒకటి చేతికందేలా ఉండాలి. రేగడిలో పదును ముదరకముందే దిగితే ఎంత జాగ్రత్తపడినా బంకమట్టి పళ్లకు పట్టేస్తుంది. అప్పుడు పనిముట్టును తిట్టి లాభం లేదు, ఒక పూట ఆగడమే పని.

కింద బాగుంటే గొట్టం చూడాలి. వెదురు కణుపు లోపల నున్నగా తొలవకపోతే గింజ అక్కడ తట్టుకుంటుంది. ఎండకు వెదురు చీలితే గింజ దారిలోనే కారిపోతుంది. పులివెందుల వైపు ఎర్రనేలల్లో రాళ్లు తగిలి గొట్టం కీలు వదులవుతుంది. పైగా అక్కడ వేసే వేరుశనగ పప్పు పెద్దది. జొన్నకు తొలిచిన రంధ్రంలో రెండు పప్పులు ఎదురుపడితే ఇరుక్కుంటాయి. కాబట్టి పంట మారితే జడ్డిగమూ గొట్టాలూ మార్చక తప్పదు. చివరగా జడ్డిగం. దాన్ని బిగించిన తాడు వదులై ఒక పక్కకు ఒరిగితే ఏ గొట్టమూ మూసుకోకుండానే ఒక సాలు ఒత్తుగా, ఇంకోటి పలచగా వస్తుంది. పొలానికి పోకముందే గొర్రును దుప్పటి మీద నిలబెట్టి, రెండు పిడికిళ్లు విత్తనం వదిలి, గొట్టాల కింద పడిన కుప్పలు పోల్చి చూస్తే ఈ లోపం ఇంటి దగ్గరే దొరికిపోతుంది. విత్తన శుద్ధి చేసిన గింజలను నీడన ఆరబెట్టకుండా తడిగానే పోస్తే మంచి గొట్టం కూడా మూసుకుంటుంది.

ఇక చేతి సంగతి. ఎకరాకు కొర్ర విత్తనం సుమారు 2 కిలోలు. సాలుకు సాలుకు 25 సెంటీమీటర్లు వేస్తే ఎకరాలో సాళ్ల మొత్తం పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. నాలుగు పళ్ల గొర్రు వెనక 4 కిలోమీటర్లు నడుస్తూ, కిలోమీటరుకు అరకిలో చొప్పున ఆ సన్నగింజను ఎద్దుల నడకకు తగ్గట్టు వదలాలి. ఇసుక కలిపి పరిమాణం పెంచుకునేది ఇందుకే. చాలా ఊళ్లలో ఈ పని చేసింది ఆడవాళ్లు. దీన్ని కూలిపని పద్దులో రాసి వదిలేశాం గానీ, నా లెక్కలో ఇది వడ్రంగం, కమ్మరం సరసన నిలిచే విద్య.

ఈ మాట అభిమానంతో అంటున్నది కాదు. విత్తే యంత్రం పేరు చెప్పగానే ఇంగ్లండులో 1701 ప్రాంతంలో జెత్రో టల్ చేసిన దాన్నే పుస్తకాలు తలుస్తాయి. 1790లలో గుంటూరు సీమలో ఉన్న కెప్టెన్ థామస్ హాల్కాట్ కూడా విత్తే యంత్రమంటే ఐరోపా వాళ్ల కొత్త పరికరమనే అనుకున్నాడు. ఇక్కడి రైతులు తమ గొర్రును మామూలుగా వాడుతుండటం కళ్లారా చూసి, దాని పనితనాన్ని వివరిస్తూ ఇంగ్లండుకు రాశాడు. ఆ ఉత్తరాలను చరిత్ర రచయిత ధరంపాల్ 1971లో తన పుస్తకంలో మళ్లీ అచ్చువేశారు.

ఎద్దులే లేని ఊళ్లలో గొర్రు గొడవ ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎద్దుల మేపు ఖర్చు, కూలి, వాన పడ్డాక మిగిలే నాలుగు రోజుల పదును చూసుకుంటే పది ఎకరాల శనగ రైతు ట్రాక్టరును పిలవడంలో తప్పులేదు. చెయ్యి అలసినప్పుడు విత్తనం ఎక్కువతక్కువలు కావడం కూడా నిజం, అక్కడ యంత్రంలోని పళ్ల చక్రం కొలిచి వదలడం మేలే. కానీ ట్రాక్టరు విత్తన యంత్రంలోనూ పెట్టె, గొట్టం, కర్రు ఉన్నాయి. నిలబడి ఉండగా దించితే, దించి వెనక్కి తోలితే దాని గొట్టం నోట్లోకీ మట్టి ఎక్కుతుంది. పైగా గొర్రు వెనక మనిషి కళ్లు అనుక్షణం గొట్టాల మీదే ఉండేవి, ట్రాక్టరు తోలేవాడికి వీపు వెనక గొట్టం కనబడదు. కాబట్టి యంత్రం వచ్చాక ఈ విద్య అవసరం తగ్గలేదు, పెరిగింది.

ఈసారి అద్దె ట్రాక్టరు చేలోకి దిగినప్పుడు కాస్త దూరం వేయగానే ఆపించండి. ఒక్కో సాలులో మూరెడు మేర మట్టి మెల్లగా తీసి గింజలు లెక్కపెట్టండి. ఊళ్లో జడ్డిగం పట్టిన పెద్దమ్మ ఎవరైనా ఉంటే గట్టు మీదికి పిలిచి ఆ సాళ్లు చూపించి, ఆమె మాట విన్నాకే తక్కిన చేను వేయించండి.