పుస్తకానికి ముందే పాఠకులు

సొంత డబ్బుతో పుస్తకం వేసుకుంటున్న వన్ టౌన్ కుర్రాళ్లు నన్నడిగేవి రెండే: ముందుమాట ఎవరితో రాయించాలి, ఆవిష్కరణకి ఎవర్ని పిలవాలి?

ఈ ఊళ్లో పుట్టిన శ్రీశ్రీనే చూడండి. ‘మహాప్రస్థానం’కి చలం ‘యోగ్యతాపత్రం’ రాసింది 1940లో. నాకు తెలిసి తెలుగులో అంతకన్నా పేరున్న ముందుమాట లేదు. అయినా పుస్తకం వచ్చేసరికి 1950 అయింది. అప్పటిదాకా ఆ కవితల్ని నిలబెట్టింది ముందుమాట కాదు. వాటిని అచ్చేసిన పత్రికలు, చదివి నోటికి పట్టించుకున్న జనం.

అందుకే నేను చెప్పేదొకటే. కాపీలు అచ్చేసి అటకెక్కించేకన్నా, ఒక్కో కథా ముందు పత్రికకి పంపండి. పదిమందికి చదివి వినిపించండి. ఎక్కడ ఆవలిస్తారో అక్కడ కొట్టేయండి. “పుస్తకం ఎప్పుడు?” అని వాళ్లే అడిగిన రోజున ప్రెస్సుకి వెళ్లండి. అప్పుడు ముందుమాట లేకపోయినా పర్లేదు.