ఎర్రమన్ను, సున్నం, దీపం మసి

అనంతపురం సీమలోని రొళ్ల మండలంలో ఏ బడికైనా వెళ్లి పిల్లలతో "ఒక ప్రకృతి దృశ్యం గీయండ్రా" అని చూడండి. కాగితం మీదికి ముందు రెండు త్రికోణాల కొండలు వస్తాయి. వాటి నడుమ సగం సూర్యుడు, అక్కణ్నుంచే వంకర్లు తిరుగుతూ దిగే నది, ఒడ్డున గుడిసె, దాని పక్కన కొబ్బరిచెట్టు. శ్రీకాకుళంలో అడిగినా ఇదే బొమ్మ, ఆదిలాబాదులో అడిగినా ఇదే. రొళ్ల పిల్లవాడికి బడి బయట కనిపించేది మాత్రం పూర్తిగా వేరు. రత్నగిరి కోట ఉన్న కొండనే తీసుకోండి. దానికి త్రికోణం ఎక్కడుంది? గుండు మీద గుండు, గుండ్ల సందుల్లో బోదగడ్డి, కింద ఎర్రనేల. ఇక నదంటారా, వానాకాలంలో వంక పారితే అదే పండగ.

పిల్లల తప్పేం లేదు. నీళ్లు నిండుగా, చుట్టూ పచ్చగా ఉంటేనే ప్రకృతి అని మనమే నేర్పాం. కరువు సీమకు ఆ పాఠం చేసిన అన్యాయం చిన్నదేం కాదు. తన ఊరు బొమ్మకు పనికిరాదని పిల్లవాడికి ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు, అదే అర్థమైపోతుంది.

కొండనో ఏటినో దానికోసమే బొమ్మగా వేయడం చైనాలో సుంగ్ రాజుల కాలానికే, అంటే వెయ్యేళ్ల కిందటే, గొప్ప విద్య. ఐరోపాలో డచ్చి చిత్రకారులు 17వ శతాబ్దంలో దాన్ని సొంత కాళ్ల మీద నిలబెట్టారు. మన దగ్గర అలా జరగలేదు. కావ్యం రాసేవాడికి అష్టాదశ వర్ణనలు తప్పనిసరి: కొండలు, సముద్రం, ఋతువులు, చంద్రోదయం అన్నీ ఉండాలి. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు వానాకాలాన్ని ఎంత దగ్గరగా చూశాడో చదివినవాళ్లకు తెలుసు. అదే రాజ్యంలోని చిత్రకారులు మనుషులు, దేవతలు లేని ఉత్త దృశ్యాన్ని గోడకెక్కించలేదు. అంతమాత్రాన వాళ్లకు చెట్టూ పుట్టా పట్టలేదనుకుంటే పొరపాటు. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది, వెళ్లి తల పైకెత్తి చూడాలి.

అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దం మొదటి సగంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం అది. మండపం కప్పు పొడవునా పట్టీలు పట్టీలుగా కథలు సాగుతాయి. వాటిలో కిరాతార్జునీయం దగ్గర ఆగండి. అర్జునుడి తపస్సు, వేటగాడి వేషంలో శివుడు, ఇద్దరి మధ్యకు దూసుకొచ్చే అడవిపంది. కథలో అది మూకాసురుడు, చావడానికే వచ్చింది. చిత్రకారుడు మాత్రం దాన్ని వేటవస్తువుగా చూడలేదు. ఆ ఉరుకు, ఆ బరువు చూస్తే అడవిపంది ఎలా పరిగెడుతుందో ఎరిగినవాడి పని అని తెలిసిపోతుంది. కొంచెం అవతల మనునీతి చోళుడి కథ: రాకుమారుడి రథం కింద పడి దూడ చచ్చిపోతే తల్లి ఆవు వచ్చి రాజుగారి గంట కొట్టింది, రాజు సొంత కొడుక్కి శిక్ష వేశాడు. ఇక్కడ ఆవే వాది. ఇంకోచోట వటపత్రశాయి. ప్రళయంలో లోకమంతా మునిగాక మిగిలింది ఒక మర్రాకు, దేవుడికి అదే పడక. ప్రకృతిని దూరం నుంచి కిటికీలో బిగించి చూడటం ఈ చిత్రకారులకు తెలియదు. పందినీ, ఆవునూ, ఆకునూ కథలోకి పిలిచి పాత్ర ఇవ్వడం తెలుసు. నన్నడిగితే ఇది తక్కువ గౌరవం కాదు, ఎక్కువ.

ఇక రంగులు. అసలు సంగతి అక్కడుంది. రాతి మీద ఇసుక, సున్నం గచ్చు, దానిపై నున్నటి సున్నపు పూత. ఆ పూత మీద ముందు గీత, తర్వాత గీతల మధ్య చదునుగా రంగు, చివర్లో నల్లటి అంచు. వెలుగునీడలు లేవు, దూరం దగ్గర అన్న లెక్క లేదు. ప్రాణమంతా ఆ నల్లగీతలోనే ఉంది. వాడినవి తెలుపు, నలుపు, కావి ఎరుపు, మట్టి పసుపు, గోధుమ, కాస్త ఆకుపచ్చ. నీలం దాదాపు కనిపించదు. నీలం లేదంటే ఆకాశం లేదన్నమాట. చాలాచోట్ల బొమ్మల వెనకున్నది ఎరుపే. గుడి బయటికొచ్చి ఒకసారి చుట్టూ చూడండి. పొలం ఎరుపు, గుండు గోధుమ, గోడల మీద సున్నం పట్టెలు. ఆ కప్పు మీదున్న రంగులకూ ఈ నేలకూ తేడా లేదు.

ఆకాశం లేకుండానే ఎండను చూపడానికి చిత్రసూత్రం ఒక దారి చూపింది. విష్ణుధర్మోత్తర పురాణంలోని ఆ భాగం వేసవిని ఎలా గీయాలో చెబుతూ అలసిపోయిన మనుషుల్ని, నీడకు చేరిన జింకల్ని, బురదలో పడుకున్న గేదెల్ని, ఎండిన మడుగుల్ని చూపమంది. సూర్యుణ్ని పెద్దగా గీసి కిరణాలు పెట్టమనలేదు. ఎండ జీవాల మీద ఏం చేసిందో చూపితే చాలు. అనంతపురం ఎండ తెలిసినవాళ్లకు ఈ సలహా విలువ వేరే చెప్పాలా?

ధర్మవరం మండలంలో తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంటకు వెళ్తే రంగు ఇంకో రకంగా పనిచేస్తుంది. అక్కడ గోడ లేదు, మేకతోలు ఉంది. నానబెట్టి వెంట్రుక తీసి, లాగి ఎండబెట్టి, దీపం ఎదుట పెడితే వెలుతురు దాటేంత వరకు గీకుతారు. సూదిమొనతో బొమ్మ గీస్తారు. తర్వాత ఉలి, సుత్తి. చుక్కలు, పూరేకులు, చిన్న చిన్న అర్ధచంద్రాలు, ఒక్కొక్కటీ ఒక్క దెబ్బతో పడాలి. దెబ్బ పక్కకు పోతే తోలు చీలుతుంది, చీలితే అతకదు. రంగు రెండు వైపులా వేయాలి, లేకపోతే వెలుగులో పాలిపోతుంది. పూర్వం చెట్ల నుంచి, మసి నుంచి రంగులు తీసేవారు, ఇప్పుడు సీసాల్లో దొరుకుతున్నాయి. దీనికి నేను గొణగను. ఆ కళతో బతకాల్సింది వాళ్లు, దూరం నుంచి మెచ్చుకునే మనం కాదు.

తోలుబొమ్మలాటలో అశోకవనం అంటే తెర మీద ఒక్క చెట్టు. ఆ ఒక్కదాన్నే వనంగా నమ్మించాలి కాబట్టి ప్రతి ఆకుకూ రంధ్రం, కొమ్మల్లో పిట్టలు. ఆటలు తగ్గిపోయాక ఆ చెట్టే దీపపు తొడుగుల మీదికి, గోడబొమ్మల మీదికి ఎక్కింది. నెమళ్లు, జింకలు, తీగలు వెంట వచ్చాయి. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కొనేవాళ్లకు ఆ తోలుచెట్టు అలంకారం కావచ్చు. నాకు మాత్రం అది తెలుగునేల మీద ప్రకృతి చిత్రణకు ఇంకా ఊపిరి ఉన్న చోటు. ఆ బొమ్మలో తోలు సొంత రంగు, ఆ తేనెరంగు, ఎక్కడా పూర్తిగా దాగదు. మేక కనపడుతూనే ఉంటుంది.

కొండనీ ఏరునీ వాటికోసమే గీసే పని మనకు 20వ శతాబ్దంలో అబ్బింది. బొంబాయి జేజే స్కూలులో చదివొచ్చిన దామెర్ల రామారావు (1897–1925) గోదావరిని చిత్రించాడు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే పోయాడు. తుమ్మపూడి సంజీవదేవ్ (1914–1999) హిమాలయాల్లో కులూ లోయ దాకా వెళ్లి, నికోలస్ రోరిక్‌ను కలిసి, కొండలూ మబ్బులూ జీవితాంతం గీశాడు. ఇద్దరూ గొప్పవాళ్లే. అయితే ఒకరిది గోదావరి, ఇంకొకరిది హిమాలయం. రెండింటా నీళ్లున్నాయి, తేమ ఉంది. ఆ తేమ కోసం నేర్చిన నీటిరంగుల పద్ధతి, తడి కాగితం మీద రంగు పాకనివ్వడం, రొళ్ల, మడకశిర గుండ్ల దగ్గర చెల్లదు. ఇక్కడ అంచులు మెత్తబడవు. మధ్యాహ్నం గుండు ఒక పక్క తెల్లగా మండుతుంది, రెండో పక్క తెగినట్టు నీడ.

కాబట్టి కాగితం పొడిగా ఉండాలి. ఎండపడ్డ పక్కను ఉత్త కాగితంగా వదిలేయాలి, తెల్లరంగు పూయకూడదు. నీడను నల్లగానో నీలంగానో వేస్తే గుండు నేల నుంచి లేచి గాల్లో తేలుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే నీడ అడుగున ఎరుపు కనిపిస్తుంది, ఎర్రనేల మీద పడ్డ ఎండ మళ్లీ రాతికి తగిలి వచ్చిన రంగు అది. పగుళ్లు, వాన కారిన నల్లచారలు ఒక్కొక్క గుండుకూ ఒక్కో తీరు. వాటిని చివర్లో, సన్నటి కుంచెతో, లేపాక్షివాళ్ల నల్లగీతలా తీయాలి. ఆకాశానికి నీలం అక్కర్లేదు, వేసవిలో అది ఎలాగూ పాలిపోయే ఉంటుంది.

రొళ్ల పక్క వక్కతోటలు ఉన్నాయి, బోరు నీళ్లున్నచోట మల్బరీ ఉంది, కాదనను. పచ్చను గీయొద్దని ఎవరూ అనరు. కానీ ఆ పచ్చ చుట్టూ ఎంత ఎరుపు ఉందో అంతా గీయాలి, అప్పుడే ఆ తోట వెనక ఎంత బోరు ఖర్చు, ఎంత కష్టం ఉందో బొమ్మలోకి వస్తుంది. డ్రాయింగు మేస్టర్లు పిల్లల్ని గది దాటించి గుట్ట దగ్గర కూర్చోబెడితే ఖరీదైన రంగుల పెట్టెలు కూడా అవసరం లేదు. పిడికెడు ఎర్రమన్ను జల్లించి, కాస్త బంక నీళ్లు కలిపితే నేల రంగు నేలనుంచే వస్తుంది. సున్నం, మసి ఇంట్లోనే ఉంటాయి. చింతచెట్టుకు పచ్చ ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. పసుపుమట్టిలో కొద్దిగా మసి కలపమనండి, ముదిరిన చింతాకుకు కావలసిన ఆ మురికి పచ్చ సరిగ్గా వచ్చేస్తుంది.