స్టీరింగ్ లూజు తీసే చేతులు

1959లో వోల్వో పెంటా ఆక్వామాటిక్ వచ్చాక పడవ లోపల ఇంజను, వెనక డ్రైవు ఉండే పద్ధతి స్థిరపడింది. ఇలాంటి పడవకు విడిగా చుక్కాని ఉండదు. ప్రొపెల్లరుతో సహా డ్రైవే పక్కలకు తిరుగుతుంది.

ఈ రకానికే చెందిన పాత మెర్‌క్రూజర్ డ్రైవుని బాగుచేసే మెకానిక్ ముందుగా ఆ డ్రైవును రెండు చేతులా పట్టి అటూ ఇటూ ఊపుతాడు. లోపల స్టీరింగ్ లివరు కదలకుండానే డ్రైవు ఊగిందంటే, డ్రైవును పట్టి తిప్పే గింబల్ రింగులో స్టీరింగ్ పిన్ను కూర్చునే చదరపు రంధ్రం అరిగిందని అనుమానిస్తాడు. రింగు బోల్టులు బిగిస్తే ఆ ఊగడం కొన్నాళ్లు ఆగుతుందేమో, అరుగుదల మాత్రం పోదు. మంచి పనివాడు అవసరమైతే ఇంజనే పైకి తీస్తాడు; తుప్పుతో పట్టేసిన పిన్నును ఓపిగ్గా వదిలిస్తాడు; కొత్త రింగు, పిన్ను, బుష్‌లు, సీలు వేస్తాడు.

చూసేవాళ్లు వార్నిష్ మెరుపును మెచ్చుకుంటారు. చక్రం తిప్పగానే పడవ మాట వినేది ఈ కనిపించని పనితనం వల్లే. నా మొదటి నమస్కారం దానికే.